సబ్తాంగ్ దీవికి పోయొద్దాం



ఇంతవరకు మనం మన ఊరి గురించి చదివాం. ఆరోగ్యం గురించి, పొదుపు గురించి, పాడి గురించి చదివాం. ఈ పాఠంలో కాస్త దూరం పోదాం. సముద్రం దాటి పోదాం. టికెట్టు కొనక్కర్లేదు. మూట కట్టక్కర్లేదు. మీరు నేర్చుకున్న అక్షరాలే మనకు బండి.

మనం పోయేది ఒక చిన్న దీవికి. దాని పేరు సబ్తాంగ్. దీవి అంటే చుట్టూ నీళ్లు, మధ్యలో నేల. 2020 జనాభా లెక్కల్లో ఆ దీవి మొత్తం మీద ఉన్నది సుమారు 1,700 మంది. మన దగ్గర ఒక మామూలు పల్లెలో ఇంతమంది ఉంటారు. అయినా ఆ కొద్దిమందికీ ఇంట్లో మాట్లాడుకునే సొంత భాష ఒకటి ఉంది. ఆ భాష కథ మనకు కూడా పనికొస్తుంది. ఎందుకో పాఠం చివరికి మీకే తెలుస్తుంది.

దీవి ఎక్కడుంది?

మీ కేంద్రంలో ప్రపంచ పటం ఉంటే గోడకు తగిలించండి. ముందు విశాఖపట్నం మీద వేలు పెట్టండి. వేలును కుడివైపుకు, అంటే తూర్పుకు జరపండి. మొదట బంగాళాఖాతం వస్తుంది. తర్వాత మయన్మార్ దేశం. మన పెద్దవాళ్లు దాన్నే బర్మా అనేవారు. తర్వాత థాయిలాండ్, లావోస్, వియత్నాం. మళ్లీ ఒక సముద్రం. ఆ సముద్రం దాటితే చుక్కలు చల్లినట్టు దీవులు కనిపిస్తాయి. అదే ఫిలిప్పీన్స్ దేశం.

ఈ దేశం పేరు మీలో కొందరు వినే ఉంటారు. మన తెలుగు పిల్లలు చాలామంది డాక్టరు చదువు కోసం అక్కడికి పోతున్నారు.

ఫిలిప్పీన్స్‌లో 7,600కి పైగా దీవులున్నాయి. రాజధాని మనీలా. ఆ దేశంలో 170కి పైగా భాషలున్నాయి. సర్కారు పనులకు రెండు భాషలు వాడతారు. ఒకటి ఫిలిపినో. రెండోది ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడుకునే భాష మాత్రం ఒక్కో చోట ఒక్కోటి.

ఇప్పుడు వేలును పైకి, ఉత్తరం వైపు జరపండి. దేశం కొసన పది చిన్న దీవుల గుంపు ఉంది. దాని పేరు బతానెస్. ఆ దేశంలో అన్నిటికన్నా తక్కువ జనం ఉన్న జిల్లా లాంటి ప్రాంతం అదే. పది దీవుల్లో మూడింటి మీదే మనుషులు ఉంటారు. అవి బతాన్, సబ్తాంగ్, ఇత్బయాత్. అక్కడి జనాన్ని ఇవాతన్‌లు అంటారు. వాళ్ల భాష పేరు కూడా ఇవాతనే.

మనుషులు లేని కొట్టు

మనీలా నుంచి బతాన్ దీవికి విమానంలో పోవాలి. బాస్కో అనే పట్నంలో దిగాలి. అక్కడి నుంచి బండి మీద ఇవానా అనే ఊరికి పోవాలి. ఇవానా రేవులో సబ్తాంగ్‌కు పడవ దొరుకుతుంది.

రేవు దగ్గర ఒక కొట్టు ఉంది. కాఫీ, బిస్కెట్లు, చిన్న చిన్న వస్తువులు అమ్ముతారు. కానీ అమ్మేవాళ్లు కనిపించరు! వస్తువుల ధరలు రాసి పెట్టి ఉంటాయి. కావలసింది మనమే తీసుకోవాలి. ఏం తీసుకున్నామో అక్కడున్న పుస్తకంలో రాయాలి. డబ్బులు పెట్టెలో వెయ్యాలి. ఈ కొట్టును 1995లో రిటైరైన ఒక టీచరమ్మ మొదలుపెట్టింది.

ఈ సంగతి వినగానే మనం "ఆహా, ఎంత నిజాయితీ!" అనుకుంటాం. నిజమే. దీవిలో అందరికీ అందరూ తెలుసు. మోసం చేసి ఎక్కడికి పోతారు? కానీ ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆ కొట్టులో బేరం చెయ్యాలంటే ధర చదవాలి. తీసుకున్నది రాయాలి. లెక్క కట్టాలి. చదువు రాని రోజుల్లో మనం ఆ కొట్టుకు పోతే? చేతిలో డబ్బున్నా గుమ్మంలో నిలబడి ఎవరైనా వస్తారేమోనని చూడాల్సిందే. ఇవాళ పోతే? మన పని మనమే చేసుకుంటాం.

పడవ ఎక్కుదాం

సబ్తాంగ్‌కు పోయే పడవను ఫలువా అంటారు. ఫిలిప్పీన్స్‌లో చాలా చోట్ల పడవకు రెండు పక్కలా వెదురు రెక్కలు కడతారు. ఫలువాకు రెక్కలుండవు. అడుగు గుండ్రంగా ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ సముద్రం చాలా గట్టిది. అలలు పెద్దవి. రెక్కలుంటే విరిగిపోతాయి.

ప్రయాణం అరగంట, ముప్పావు గంట. పొద్దున్నే బయలుదేరడం మంచిది. గాలి పెరిగితే పడవలు కదలవు. అప్పుడు ఎంత పనున్నా ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి.

దీవిలో దిగగానే కొత్తవాళ్లు ఆఫీసులో పేరు రాయించుకోవాలి. అక్కడ ఒక చర్చి, బడి, చిన్న బజారు కనిపిస్తాయి. ఇదే సబ్తాంగ్ ఊరు. దీవి అంచున సవిదుగ్, చవాయన్ లాంటి చిన్న పల్లెలున్నాయి.

గాలికి లొంగని ఇళ్లు

ఈ దీవుల మీద ఏటా తుఫానులు వస్తాయి. 2016 సెప్టెంబరులో మెరాంతి అనే పెద్ద తుఫాను ఇత్బయాత్ దీవి మీదుగానే పోయింది. మనకు తుఫాను కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. గాలికి గుడిసె ఎగిరిపోతే ఎలా ఉంటుందో కోస్తా అక్కచెల్లెళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇవాతన్‌లు గాలికి తగినట్టు ఇల్లు కట్టుకున్నారు. పాత ఇళ్ల గోడలు రాతివి. సముద్రంలోని పగడపు రాళ్లను కాల్చి సున్నం చేసేవారు. ఆ సున్నంతో రాళ్లను అతికేవారు. గోడ మందం దాదాపు రెండు మూరలు. కిటికీలు చిన్నవి. పెద్ద గాలి వచ్చే వైపు గోడకు కిటికీయే ఉండదు. పైకప్పు గడ్డిది. పొర మీద పొర వేసి మందంగా కప్పుతారు. తుఫాను వస్తుందంటే కప్పు మీద వల లాగా మోకులు వేసి బిగించి కడతారు.

రాతి ఇల్లు కట్టే పద్ధతి స్పెయిన్ దేశస్తులు వచ్చాక పెరిగింది. వాళ్లు 1783లో ఈ దీవులను తమ రాజ్యంలో కలుపుకున్నారు. బతాన్ దీవిలో 1887లో కట్టిన ఒక ఇల్లు ఇంకా నిలబడే ఉంది. చవాయన్ పల్లెలో గడ్డి కప్పు ఉన్న చిన్న చర్చి కూడా ఉంది.

గడ్డి కప్పును కొన్నేళ్లకోసారి మార్చాలి. అది ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. పది మంది చెయ్యి వెయ్యాలి. ఇవాళ మా ఇల్లు, రేపు మీ ఇల్లు. ఊరంతా కలిసి చేసే పనిని వాళ్ల భాషలో 'యారు' అంటారు. మన పల్లెల్లో నాట్లకు, కలుపుకు బదులు పని చేసుకోవడం లేదా? అలాంటిదే.

ఆడవాళ్ల వాకుల్

చవాయన్‌లో ఆడవాళ్ల తల మీద ఒక వింత వస్తువు కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే జుట్టు విరబోసుకున్నట్టే ఉంటుంది. దగ్గరికి పోతే తెలుస్తుంది, అది ఆకుతో చేసిందని. దాని పేరు వాకుల్. నెత్తి మీద పెట్టుకుంటే వీపు మీదుగా కిందికి జారుతుంది. ఎండ తగలదు. వాన పడితే నీళ్లు జారిపోతాయి. వంగి దుంపలు తవ్వేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మన పొలాల్లో వెనకటికి తాటాకు గిడుగు వేసుకుని నాట్లు వేసేవారు. ఇది కూడా అలాంటిదే.

వాకుల్‌ను వుయావుయ్ అనే చెట్టు ఆకుతో చేస్తారు. అది మన ఈత చెట్టు జాతిది. ఆకు కోసి, ఎండబెట్టి, సన్నటి పీచులుగా చీల్చి అల్లుతారు. చాలా ఓపిక కావాలి. బాగా చేసిన వాకుల్ ఏళ్ల తరబడి మన్నుతుంది. మగవాళ్లు అదే ఆకుతో చేసిన కోటు లాంటిది వేసుకుంటారు. దాన్ని కనాయి అంటారు.

సబ్తాంగ్‌లో అల్లకం పని చేసే ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లకు వస్తువులు అమ్ముకుంటారు. మన ఈతాకు చాపలు, బుట్టలు అల్లే అక్కలకు ఆ పని చూడగానే అర్థమైపోతుంది. భాష తెలియకపోయినా చేతులు చేతులతో మాట్లాడతాయి.

ఏం తింటారు?

ఈ దీవుల్లో వరి బాగా పండదు. బియ్యం ఓడలో రావాలి. సముద్రం పొంగితే ఓడ రాదు. అందుకే వాళ్లకు దుంపలే ప్రాణం. పెండలం పండిస్తారు. దాన్ని ఉవి అంటారు. చిలగడదుంపను వకాయ్ అంటారు. చామదుంపను సుది అంటారు. దుంప నేలలో దాక్కుని ఉంటుంది. పైన ఎంత గాలి వీచినా దానికేం కాదు. వెల్లుల్లి కూడా బాగా పండిస్తారు. ఆవులను, మేకలను పెంచుతారు.

ఎండాకాలంలో చేపల వేట సాగుతుంది. ముందు నీళ్లపై ఎగిరే చేపలను పడతారు. వాటిని ఎరగా వేసి అరాయు అనే పెద్ద చేపను పడతారు. కోసి, ఉప్పు వేసి, ఎండబెట్టి దాచుకుంటారు. ఆ ఎండుచేపలు తుఫాను రోజుల్లో పనికొస్తాయి.

పండగ వస్తే పసుపు వేసి అన్నం వండుతారు. దానికి సుపాస్ అని పేరు. అన్నాన్ని, కూరను పెద్ద పెద్ద ఆకుల్లో పొట్లం కట్టి ఇస్తారు. మన మోదుగాకు విస్తరి గుర్తొస్తుంది కదూ!

దంగత్ తండ్రి కథ

సబ్తాంగ్‌లో ఒక వీరుడి కథ చెబుతారు. ఆయనను అమన్ దంగత్ అంటారు. ఆయన ఆ దీవిలోని మలక్‌దాంగ్ ఊరి పెద్ద. స్పెయిన్ దొరల మనుషులు దీవికి వచ్చి కలప, తిండి సామాను తీసుకుపోయేవారు. సరైన డబ్బు ఇచ్చేవారు కాదు. అమన్ దంగత్ ఎదురు తిరిగాడు. దొరల సైన్యం వచ్చింది. 1791లో ఆయనను ఉరి తీశారు. సబ్తాంగ్ జనాన్ని దీవి ఖాళీ చేయించి బతాన్ దీవికి తరలించారు. తమ దీవిలో మళ్లీ అడుగు పెట్టడానికి వాళ్లకు ఎన్నో ఏళ్లు పట్టింది.

దీవి పోయింది. ఇల్లు పోయింది. పొలం పోయింది. కానీ భాష పోలేదు. దాన్ని వెంట తీసుకుపోయారు, వెంట తీసుకొచ్చారు.

ఇంకో సంగతి. 'అమ' అంటే తండ్రి. 'ఇన' అంటే తల్లి. అమన్ దంగత్ అంటే 'దంగత్ తండ్రి' అని. వాళ్ల పాత ఆచారం ప్రకారం బిడ్డ పుట్టాక తల్లిదండ్రులను బిడ్డ పేరుతో పిలుస్తారు. తల్లినీ అంతే, తండ్రినీ అంతే. మన ఊళ్లో కూడా "సీనుగాడి అమ్మా" అని పిలుస్తారు. అది ప్రేమగా పిలిచే పిలుపే. కానీ మన దగ్గర చాలామంది ఆడవాళ్ల సొంత పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా వినిపించదు. ఇప్పుడు మీ పేరు మీరే రాస్తున్నారు. ఆ పేరును పోనివ్వకండి.

వాళ్ల మాట ఎలా ఉంటుంది?

ఇవాతన్ భాషలో ఇంటిని 'వహాయ్' అంటారు. మనీలా వైపు మాట్లాడే తగలాగ్ భాషలో 'బహాయ్' అంటారు. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. మనం 'పాలు' అంటాం. తమిళులు 'పాల్' అంటారు. కన్నడిగులు 'హాలు' అంటారు. అలాగన్నమాట. భాషల్లో కూడా అక్కచెల్లెళ్లు ఉంటారు.

కానీ అన్ని మాటలూ అలా కలవవు. నీళ్లను ఇవాతన్‌లు 'దనుమ్' అంటారు. తగలాగ్‌లో 'తుబిగ్' అంటారు. మనీలా నుంచి వచ్చినవాళ్లకు సబ్తాంగ్ ముసలమ్మల మాటలు వెంటనే అర్థం కావు. ఉత్తరాన తైవాన్ దేశానికి చెందిన ఒక చిన్న దీవి ఉంది. అక్కడి యామి జనం భాష మాత్రం ఇవాతన్‌కు దగ్గరి చుట్టం. దేశాలు వేరైనా మాట ఒకటిగా పుట్టింది.

ఎవరైనా సాయం చేస్తే ఇవాతన్‌లు "దియోస్ మమాహెస్" అంటారు. "మీరు చేసిన మంచికి దేవుడు బదులిస్తాడు" అని అర్థం. మనం "నీ కడుపు చల్లగుండ" అంటాం చూడండి, అలాంటి దీవెన.

ఇందులో 'దియోస్' అనేది స్పెయిన్ భాషలోని మాట. దేవుడని అర్థం. వాళ్లు దాన్ని తమ మాటలో కలిపేసుకున్నారు. మనం కూడా మేస్త్రి, అల్మరా, బొప్పాయి అంటాం. అవి పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిన మాటలు. నాలుగు మాటలు అరువు తెచ్చుకుంటే భాష చెడిపోదు. ఇంట్లో పిల్లలతో మాట్లాడటం మానేస్తే పోతుంది.

బడిలో ఏ భాష?

ఇక్కడే అసలు చిక్కు ఉంది.

సబ్తాంగ్ పాప ఇంట్లో 'వహాయ్' అంటుంది. బడికి పోతే పుస్తకంలో వేరే మాట ఉంటుంది. టీచరు ఇంగ్లీషులో చెబితే అదీ తెలియదు. తెలివైన పిల్లే. కానీ మాట అర్థం కాక మూగదానిలా కూర్చుంటుంది. "నా మాట తప్పేమో" అనుకుంటుంది.

ఇది మనకు తెలియని బాధా? పలక పట్టిన మొదటి రోజుల్లో మనకూ ఇలాగే అయింది. మనం "యాడికి పోతున్నవ్" అంటాం. ఇంకో ఊళ్లో "ఏటి సేస్తన్నావు" అంటారు. పుస్తకంలో "ఎక్కడికి వెళుతున్నావు" అని ఉంటుంది. మన మాట పుస్తకంలో కనపడకపోతే సిగ్గు పడ్డాం. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే అక్కలకు ఈ కష్టం రెండింతలు.

ఫిలిప్పీన్స్ సర్కారు ఈ సంగతి గుర్తించింది. చిన్న తరగతుల్లో, అంటే మూడో తరగతి దాకా, ఇంటి భాషలోనే పాఠం చెప్పాలని 2013లో చట్టం చేసింది. అందుకు 19 భాషలను తీసుకుంది. వాటిలో ఇవాతన్ కూడా ఉంది. ఇంటి భాషలో అక్షరం నేర్చుకున్నాక ఫిలిపినో, ఇంగ్లీషు నేర్పాలి. అదీ పద్ధతి.

కానీ పని సాఫీగా సాగలేదు. చాలా చోట్ల పుస్తకాలు చాలలేదు. ఒకే తరగతిలో నాలుగు భాషల పిల్లలుంటే టీచరు ఏ భాషలో చెప్పాలి? కొందరు తల్లిదండ్రులు కూడా "ఇంటి భాష ఇంట్లో వస్తుంది, బడిలో ఇంగ్లీషే చెప్పండి" అన్నారు. చివరికి 2024 అక్టోబరులో మరో చట్టం వచ్చింది. ఇంటి భాషలో చెప్పడం ఇక తప్పనిసరి కాదు. తరగతిలో పిల్లలందరిదీ ఒకే ఇంటి భాష అయితేనే చెప్పవచ్చు.

దానికీ షరతులున్నాయి. ఆ భాషను ఎలా రాయాలో పద్ధతి ఉండాలి. నిఘంటువు, అంటే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం ఉండాలి. వ్యాకరణ పుస్తకం ఉండాలి. కథలు, పాటలు రాసి ఉండాలి. ఆ భాష తెలిసిన టీచర్లు ఉండాలి.

దీని అర్థం ఏమిటి? నోట్లో ఉన్న భాషకు బడి తలుపు తెరుచుకోదు. కాగితం మీదికి వస్తేనే తెరుచుకుంటుంది. ఈ షరతు న్యాయమేనా? రాసిపెట్టేవాళ్లు లేని చిన్న భాషలు ఏమైపోవాలి? మీరే ఆలోచించండి.

పాటలు రాసిన పెద్దాయన

ఇవాతన్‌లకు 'లాజి' అనే పాత పాటలున్నాయి. ప్రేమ, దుఃఖం, సముద్రం, చావు, అన్నీ వాటిలో ఉంటాయి. పెద్దవాళ్లు కూర్చుని పాడేవారు. పడవ లాగేటప్పుడు, పొలంలో పని చేసేటప్పుడు వేరే పాటలు పాడేవారు. వాటిని 'కలుసన్' అంటారు. ఇవేవీ పుస్తకాల్లో లేవు. తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి వచ్చాయి. ఒక ముసలమ్మ పోతే ఆమెతోపాటు కొన్ని పాటలు కూడా పోయేవి.

సవిదుగ్ పల్లెలో 1938లో ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు ఫ్లోరెంటినో హోర్నెడో. బాగా చదువుకుని మనీలాలో పెద్ద ప్రొఫెసరు అయ్యాడు. కానీ ఊరి మాట మరవలేదు. లాజి పాటలు తెలిసిన పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నాడు. వాళ్లు పాడుతుంటే రాసుకున్నాడు. ఆ పాటలను, వాటి అర్థాలను పుస్తకంగా తెచ్చాడు. 2015లో ఆయన చనిపోయాడు. పాటలు మిగిలాయి.

మన దగ్గర కూడా ఇలాంటి ఒక పెద్దాయన ఉండేవారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. ఆ పోరాటం లేకపోతే ఈ పాఠం మనకు ఇంత తేలిగ్గా ఉండేది కాదు. ఆయన అంతటితో ఆగలేదు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం ఆ భాషలో పుస్తకాలు తయారు చేశారు. సవర నిఘంటువు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం.

పాటలు రాసినవాళ్లు పెద్ద చదువుల వాళ్లు. కానీ పాడినవాళ్లు? చాలామంది అక్షరం రాని తల్లులే. వాళ్లు దాచి ఉంచకపోతే రాసేవాళ్లకు ఏముంటుంది? మీకైతే ఇప్పుడు రెండూ ఉన్నాయి. పాటా ఉంది, అక్షరమూ ఉంది.

పోయొస్తాం

సాయంత్రం అవుతోంది. గాలి పెరగకముందే పడవ ఎక్కాలి.

ఇవాతన్‌లు విడిపోయేటప్పుడు ఏమంటారో తెలుసా? పోయేవాళ్లు ఒక మాట అంటారు, ఉండేవాళ్లు ఇంకో మాట అంటారు. పోయేవాళ్లు "దియోస్ మవిదిన్" అంటారు. "దేవుడు మీ దగ్గర ఉండాలి" అని. ఒడ్డున ఉన్నవాళ్లు "దియోస్ మచివన్" అంటారు. "దేవుడు మీ వెంట రావాలి" అని. ఏ పడవ తిరిగొస్తుందో, ఏది రాదో తెలియని సముద్రం అది. అందుకే ఈ మాటలు పుట్టి ఉంటాయి.

మనం కూడా గుమ్మం దాటేటప్పుడు "పోతున్నా" అనం. "పోయొస్తా" అంటాం. "పోతున్నా" అంటే అమ్మ కోప్పడుతుంది. ఈ చిన్న తేడా ఏ పుస్తకమూ మనకు నేర్పలేదు. అమ్మ నేర్పింది.

సబ్తాంగ్ పిల్లలు ఫిలిపినో నేర్చుకుంటారు. ఇంగ్లీషు నేర్చుకుంటారు. చదువుకు, ఉద్యోగానికి మనీలా పోతారు. పోవాలి కూడా. మన పిల్లలు కూడా ఇంగ్లీషు నేర్చుకోవాలి. కానీ కొత్త ఇంటికి పోయినంత మాత్రాన అమ్మ ఇంటి దారి మరిచిపోతామా? భాష కూడా అంతే.

చదివారు కదా! జవాబు చెప్పండి

1. సబ్తాంగ్ ఏ దేశంలో ఉంది? అక్కడి భాష పేరేమిటి?
2. ఫలువా పడవకు రెక్కలు ఎందుకుండవు?
3. పాత ఇళ్లలో పెద్ద గాలి వచ్చే వైపు కిటికీ ఎందుకు పెట్టలేదు?
4. 2013 చట్టం ఏం చెప్పింది? 2024 చట్టం ఏం మార్చింది?
5. అమన్ దంగత్ ఎందుకు ఎదురు తిరిగాడు?

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో మాట్లాడే మాటకు, పుస్తకంలోని మాటకు తేడా ఏమిటి? మీ మాట విని ఎవరైనా నవ్వారా? అప్పుడు మీకేమనిపించింది?
2. చిన్న పిల్లలకు మొదట ఏ భాషలో చదువు చెప్పాలి? మీ పిల్లలకు ఏది మంచిదనుకుంటున్నారు? ఎందుకు?
3. మనుషులు లేని కొట్టు మన ఊళ్లో పెడితే నడుస్తుందా?

మీరే రాయండి

1. మీ అమ్మ లేదా అమ్మమ్మ వాడిన, ఈ పుస్తకంలో ఎక్కడా లేని ఐదు మాటలు రాయండి. పక్కన అర్థం రాయండి.
2. మీకు తెలిసిన ఒక పాట రాయండి. నాట్ల పాట కావచ్చు, తిరగలి పాట కావచ్చు, బతుకమ్మ పాట కావచ్చు, జోల పాట కావచ్చు. నోటికి ఎలా వస్తే అలాగే రాయండి. తప్పులని భయపడకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు కింద రాయండి. ఆ కింద మీ పేరు రాయండి.

అందరి పాటలూ ఒకచోట కుట్టి మీ కేంద్రంలో పెట్టండి. అదే మీ ఊరి మొదటి పుస్తకం.

కొత్త మాటలు

దీవి – చుట్టూ నీళ్లున్న నేల
రేవు – పడవలు ఆగే చోటు
పగడపు రాయి – సముద్రంలోని చిన్న ప్రాణుల గుల్లలతో ఏర్పడిన రాయి
గిడుగు – వానకు నెత్తిన, వీపున వేసుకునే ఆకుల గొడుగు
మోకు – లావు తాడు
నిఘంటువు – మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం
వ్యాకరణం – భాష నడిచే పద్ధతి చెప్పే శాస్త్రం
షరతు – ఒప్పుకోవడానికి ముందు పెట్టే నియమం